జిప్‌లైన్ ఉగాదికి ఎందుకు తెరవలేదంటే



"ఉగాదికి తోపులో జిప్‌లైన్ అంటిరే, ఏమాయె?" అని వారం నుంచి ఒకటే ఫోన్లు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే అందరికీ ఇక్కడే రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఆలోచన ఎందుకొచ్చిందో కొందరికి తెలుసు. 2006లో వచ్చిన చట్టంతో ఈ రాష్ట్రంలో తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ, 2015-16కి పదో తరగతి దాకా వచ్చింది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ బోర్డు మీది తెలుగు చదవలేరు. మన ఆదివారం బడికి మొదట్లో నలభై మంది వచ్చేవారు, ఇప్పుడు తొమ్మిది మంది. బెంగళూరు దగ్గర రిసార్టులో జిప్‌లైన్ ఎక్కొచ్చిన పిల్లోడు ఒకడు "మన బడిలో అదుంటే రోజూ వస్తా" అన్నాడు. అక్కడ మొదలైంది.

పెద్దవాళ్ల కోసం చెప్తున్నాం: రెండు చివర్ల మధ్య ఏటవాలుగా కట్టిన ఉక్కు తాడు, దాని మీద జారే చక్రాల ట్రాలీ, దానికి బెల్టులతో వేలాడే మనిషి. అంతే. చూడ్డానికి బావి గిలక చుట్టంలా ఉంటుంది. ఆ చుట్టరికం నమ్మితేనే ప్రమాదం.

మొదటి చిక్కు తాడు దగ్గరే వచ్చింది. మనందరికీ కావలసిన పెద్దాయన ఒకరు బోరు మోటారు దించే పాత వైరు ఊరికే ఇస్తానన్నారు. "ముప్పై ఏండ్లు మోటారు మోసింది, పిల్లోల్ని మోయదా?" అన్నారు. ఆయన మాట కాదనడం మాలో ఎవరికీ సులువు కాదు. కానీ పైకి నున్నగా ఉన్న వైరు లోపల తుప్పు పట్టి ఉండొచ్చు, దాని బలం ఇప్పుడెంతో ఎవరూ చెప్పలేరు. దండం పెట్టి వద్దన్నాం. బలం ఎంతో రాతపూర్వకంగా ఉన్న 10 మిల్లీమీటర్ల కొత్త తాడు కొన్నాం.

రెండోది, తాడు ఎంత బిగించాలి. "వీణ తీగలా బిగించండి" అన్నవాళ్లే ఎక్కువ. ఇంట్లో దండెం గుర్తు తెచ్చుకోండి. బిగుతుగా కట్టి తడి దుప్పటి ఆరేస్తే మేకు ఊడొస్తుంది, కాస్త వదులుగా కడితే నిలుస్తుంది. ఇక్కడా అదే లెక్క. మన తాడు 40 మీటర్లు. 60 కిలోల మనిషి మధ్యలో ఉన్నప్పుడు తాడు 2 మీటర్లు కుంగితే, దాని సొంత బరువు కాకుండా, లాగుడు దాదాపు 300 కిలోలు. అర మీటరే కుంగేలా బిగిస్తే అదే మనిషికి 1,200 కిలోలు. పైగా కుంగిన తాడు మీద చివర్లో ట్రాలీ కొంచెం ఎక్కాలి కాబట్టి దానంతట అదే నెమ్మదిస్తుంది. మధ్యలో వంక ఉండడం మన అదృష్టం, అంత కుంగినా కాళ్లు నేలకు తగలవు.

మామిడి చెట్లకు కట్టలేదు. పై చివర పాత చింతచెట్టు, బెరడు కోసుకుపోకుండా చెక్కలు అడ్డం పెట్టాం. కింది చివర కాంక్రీటులో ఉక్కు స్తంభం. తాడు మడిచి బిగించే యూ క్లిప్పులు ఒక్కో చివర నాలుగు. వాటి జీను భాగం బరువు మోసే తాడు మీదే కూర్చోవాలి, వంపు కడ్డీ తెగిన కొస మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే బరువు మోసే తాడే నలుగుతుంది. మన వెల్డింగు అన్న ప్రతి క్లిప్పునూ టార్చి వేసి చూసి, మొదటి బరువు పడ్డాక మళ్లీ బిగించాడు.

ఇక అసలు సంగతి, ఆపడం. స్తంభానికి టైర్లు కడితే చాలన్నారు కొందరు. టైరు బ్రేకు కాదు, గుద్దుకునే చోటు మాత్రమే. అందుకే తాడు మీద స్ప్రింగు బ్రేకు పెట్టించాం. ఉగాదికి మూడు రోజుల ముందు ఇసుక మూటలు వదిలి చూశాం. 20 కిలోల మూట చివరి దాకా రాకుండా వంక మీదే ఆగింది. 50 కిలోలది చక్కగా వచ్చింది. 80 కిలోలది వచ్చినప్పుడు స్ప్రింగు పూర్తిగా మూసుకుపోయి, మూట ఊగి స్తంభానికి తగిలింది. మూట చోట మనిషి ఉంటే తగిలేవి కాళ్లు.

ఆ రాత్రి మీటింగులో గట్టిగానే మాటలు నడిచాయి. పత్రికలు పంచేశాం, చందాలు ఇచ్చినవాళ్లు కుటుంబాలతో వస్తున్నారు, ఈ ఒక్కరోజుకు పెద్దవాళ్లను ఎక్కనీయకుండా పిల్లలతో నడుపుదామని కొందరు. పండగ పూట బావమరుదులను ఎవరాపుతారు? అదీగాక రెండో బ్రేకు లేదు, వంక మీద ఆగిన పిల్లను వెనక్కి లాగే తాడూ లేదు. చివరికి ట్రాలీ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాం. పండక్కి వచ్చిన పిల్లలు చెట్టు కింద నిలబడి పైకి చూస్తుంటే మాకూ బాధగానే ఉండింది. బాధపడ్డాం గానీ తాళం తీయలేదు.

ఇప్పుడు పొడవాటి స్ప్రింగు, దాని వెనక విడిగా రెండో బ్రేకు, లాగే తాడు వస్తున్నాయి. సాహస క్రీడల పనిలో ఉన్న బయటి మనిషి వచ్చి చూసి సంతకం చేశాకే తెరుస్తాం. జడ హెల్మెట్‌లోకి ముడవాలి, చున్నీ తీసి కింద పెట్టాలి, తాడును చేత్తో పట్టుకోకూడదు. ఈ నియమాలను బడిలోని తొమ్మిది మంది పిల్లలే తెలుగులో పలక మీద రాస్తున్నారు. ఎక్కేవాళ్లు ముందు వాటిని గట్టిగా చదవాలి. రానివాళ్లకు ఆ తొమ్మిది మందే నేర్పుతారు.

వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు మళ్లీ మూటల పరీక్ష. ఇసుక మోయడానికి పదిమంది కావాల. టిఫిను సంఘానిదే.