ఖాళీకీ సున్నాకీ తేడా

అడిక్‌మెట్‌లో ఉండేవాళ్లకు పరిశోధక విద్యార్థులు కొత్త కాదు. ఉస్మానియా పక్కనే కాబట్టి రెండు మేడలకో పీహెచ్‌డీ నడుస్తుంటుంది. సర్వే అంటూ తలుపు తడితే 'ఇప్పుడు కుదరదమ్మా' అనడం నాకూ అలవాటే. మా మామయ్యగారికి పక్షవాతం వచ్చాక మాత్రం, మాటల మీద పరిశోధన చేసే ఓ అమ్మాయిని నేనే లోపలికి పిలిచాను.

మాట పడిపోయిందని అంటాం గానీ, ఆయనకు మనం చెప్పేది అర్థమవుతుంది. నోటికే రాదు. మంచినీళ్లు కావాలంటే 'అది... అది...' అంటారు. దీన్నే డాక్టర్లు అఫేసియా అంటారు.

ఆ అమ్మాయి బొమ్మలు చూపిస్తూ ఆయన గొంతు రికార్డు చేసుకునేది. తర్వాత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. పేరుండదు, నంబరే. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం విడిగా బీరువాలో ఉంటుందట.

"పేరు తీసేస్తే సరిపోదాంటీ. గొంతే ఆనవాలు కదా, తెలిసినవాళ్లు పట్టేస్తారు" అంది. అందుకే ఆ ఫైళ్లు వాట్సాప్‌లో ఎవరికీ పంపదు. తాళం వేసిన రెండు కాపీలు రెండు చోట్ల దాస్తుంది.

ఆయన 'అది' అని మూడుసార్లంటే మూడుసార్లూ రాసేది. మధ్యలో ఆగిన సెకన్లు కూడా. అత్తయ్యగారు ఆగలేక "గ్లాసు అంటున్నారమ్మా" అంటే, ఆ మాట అత్తయ్యగారి ఖాతాలోనే పడేది!

ఓసారి నాలుగైదు గళ్లలో అంకెకు బదులు 'అడగలేదు' అని ఉంది. సున్నా వేసేయొచ్చుగా అన్నాను.

"వద్దాంటీ. సున్నా అంటే అడిగాం, చెప్పలేకపోయారని. ఇవి అలసిపోయారని నేను అడగని బొమ్మలు. రెండూ కలిపేస్తే తాతగారు ఉన్నదానికంటే అధ్వాన్నంగా కనిపిస్తారు."

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంట్లో లెక్కలు రాసే నేను కూడా ఖాళీని సున్నాగానే చూస్తాను మరి.

రోగుల రికార్డులతో ఏం సాధించవచ్చో మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. కూరగాయల బండి దగ్గరే తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడే ఊరు కదా మనది! ఆ బృందంలో ఉస్మానియా భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత ఉన్నారు, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ ఉన్నారు. అంతమంది కలిసి పనిచేయాలంటే ఒకరు రాసింది మరొకరికి అదే అర్థంలో చేరాలి.

మా అమ్మాయి కూడా (అలాగే అనేస్తున్నాం ఇప్పుడు) తెలియని ప్రొఫెసర్లకు ఈమెయిళ్లు రాస్తుంటుంది. తన ప్రశ్న పంపుతుంది, రోగి గొంతు పంపదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో అఫేసియాబ్యాంక్ అని ఇలాంటి రికార్డింగుల భాండాగారం ఉంది. అక్కడా పాస్‌వర్డ్ పొందిన సభ్యులకే ప్రవేశం.

సంతకం మా ఆయన పెడతానంటే ఆమె ఒప్పుకోలేదు. తాతగారికి అర్థమవుతున్నప్పుడు ఆయన్నే అడగాలంది. మూడు ప్రశ్నలు, ఒక్కోదానికీ బొమ్మ. నా పరిశోధనకు వాడుకోనా? వేరే పరిశోధకులకు ఇవ్వనా? క్లాసులో విద్యార్థులకు వినిపించనా? మొదటి రెండింటికీ మామయ్యగారు తలూపారు. మూడోదాన్ని చాలాసేపు చూసి, ఎడమచేత్తో అడ్డంగా గీత కొట్టారు.