మైనపు దిమ్మలో పొరుగువారు

క్లోమమునకును పిత్తనాళమునకును బుట్టు కాన్సరులను గూర్చి యొక వ్యాసము కావలెనని సంపాదకులు కోరగా హైదరాబాదులోని యొక పెద్ద ఆసుపత్రి పేథాలజీ విభాగమునకుఁ బోయితిని. అచ్చట మా మేనమామ కుమారుఁడు ఇరువదియారేండ్లుగా మైక్రోటోము కడ కూర్చుండి కణజాలమును కోయుచున్నాడు. ఆయన తల్లియు, అనఁగా మా అత్తయ్యయు, పిత్తనాళ కాన్సరుతోనే పోయినది. వట్టి కామెర్లే యనుకొని రెండు నెలలు ఆకుపసరు త్రాగించితిమి. కొత్త యంత్రములన్నియు జూపింతుమని విభాగమువారు పిలిచినను నేను బావ చేతులను విడిచి కదలలేకపోతిని.

మంచుపై చల్లార్చిన మైనపు దిమ్మను బిగించి, కుడిచేత చక్రమును ద్రిప్పుచు, కత్తి యంచునుండి యొకదానివెంట నొకటి యంటుకొని జాఱు పొరలను ఎడమచేతి కుంచెతో నందుకొని, ఊపిరి తగిలినను చెదరునేమో యన్నంత జాగ్రత్తగా ఆయన వానిని గోరువెచ్చని నీటిపైఁ బఱచును. మిల్లీమీటరును వేయి భాగములు చేసిన నందు నాలుగింటి మందము! ముడుతలు విడిన క్షణమునఁ గాజుపలకను అడుగునకు దూర్చి పైకెత్తును.

ఆనాఁటి పరీక్ష స్మాడ్ 4 అను ప్రోటీను కొఱకు. గర్భమున శిశువు రూపు దిద్దుకొనువేళ టీజీఎఫ్-బీటా కుటుంబపు సంకేతములను కేంద్రకమునకుఁ జేరవేయు దూత యిది; పిమ్మట కణముల పెరుగుదలకుఁ గళ్ళెము వేయును. 1996లో దీని జన్యువును కనుగొన్నవారు క్లోమ కాన్సరులో లోపించు జన్యువని యర్థము వచ్చునట్లుగా డీపీసీ4 అని పేరిడిరి. ఆ కాన్సరులలో సుమారు సగమునం దిది కానరాదు.

సూక్ష్మదర్శినిలోఁ గాన్సరు కణముల కేంద్రకములు వెలవెలఁబోవుచుండఁగా, చుట్టునున్న తంతుకణముల కేంద్రకములు గోధుమవన్నెతో నిండియున్నవి.

“పక్కవాళ్ళకి రంగొచ్చింది చూడు బామ్మర్దీ, అందుకే వీళ్ళలో లేదని నమ్మొచ్చు. పక్కవాళ్ళకీ రాలేదనుకో, ప్రోటీను పోయిందో, ముక్కని మనమే పాడుచేశామో ఎవడు చెప్పగలడు?”

ఆ మాట నన్ను చాలసేపు వీడలేదు. ఏలయన పొరుగును లెక్కసేయని తొందరపాటు ఈ శాస్త్రమున నొకసారి మిక్కిలి ఖరీదైనది. పిండమున క్లోమము మొలకెత్తుచోట హెడ్జ్‌హాగ్ అను సంకేతము మౌనము వహింపవలెను. కాన్సరులో నది మరలఁ బలుకుచున్నదని 2003లోఁ దెలిసెను. దాని నణఁచినచోఁ గణితిచుట్టు తంతుజాలము సడలి మందు లోనికిఁ జేరునని 2009లో ఎలుకలయందుఁ జూచి యెందఱో యాశపడిరి. కాని 2012లో, ఆ తరహా మందొకటి పుచ్చుకొన్న రోగుల స్థితియే యధ్వాన్నమగుటచే నా పరీక్షను నడుమనే యాపవలసివచ్చెను. అడ్డుగోడ యనుకొన్న తంతుజాలము కాన్సరును కొంత కట్టడియు జేయుచున్నదని 2014లో ఎలుకలే చూపినవి. పొరుగుకణములను ఓపికతోఁ జూచు కన్ను, చూపఁదగిన పొరను కోయు చేయి, ఈ రెండును లేక ఎన్ని అణువులకుఁ బేర్లు పెట్టినను రోగి కేమి యొరుగును? అట్టి చేతులకు ఈ దేశమున బిరుదులు లేవు, వ్యాసములలోఁ బేరును లేదు. బావ ప్రక్కనున్న రెండవ పీఠము మూఁడేండ్లుగా ఖాళీ.

ఇంతలో శస్త్రశాలనుండి యొక సీసా వచ్చెను. ముక్కకుఁ బదింతలైన నుండవలసిన ఫార్మలిను అందులో అడుగంటియున్నది. “ఎన్నిసార్లు చెప్పినా ఇంతే,” అని గొణిగి, వేఱొక పెద్ద సీసాలోనికి ముక్కను మార్చి, మూఁత బిగించి, ఫార్మలిను చాలలేదని పుస్తకమున ఎఱ్ఱసిరాతో వ్రాసి, ఆయన మరల చక్రముపైఁ జేయి వేసెను.