జొన్నగింజంత ఉబ్బు

2022 వేసవిలో మా అమ్మ చేనుగట్టు మీద తల తిరిగి పడిపోయింది. దేవరకొండ డాక్టరుగారు ఎందుకైనా మంచిదని తలకు స్కానింగు వ్రాశారు. మెదడులోని ఒక రక్తనాళానికి బుడగవంటి ఉబ్బు ఉన్నదనీ, దాన్ని ఎన్యూరిజం అంటారనీ, కొలత 4 మిల్లీమీటర్లనీ తెలిసింది. జొన్నగింజంత. తల తిరగడానికి అది కారణం కాదట, కాని పగిలితే ప్రాణాపాయమట.

ఏడాదికి మళ్లీ తీయించాము, ఈసారి వేరేచోట. రిపోర్టులో 5.2 అని ఉంది. పెరిగిందన్నమాట! ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలుగలేదు. ఆపరేషను కోసం రెండెకరాలు బేరం పెడదామని అన్నయ్యా నేనూ అనుకొన్నాము. అమ్మ మాత్రం, "గింతంత గింజకు భూమి అమ్ముకుంటరా బిడ్డా?" అన్నది.

బేరానికి ముందు ఒకసారి అడుగుదామని రెండు సి.డి.లూ పట్టుకొని, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులో హైదరాబాదు వెళ్లి మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరుగారిని కలిశాము. ఆయన రిపోర్టులు పక్కన పెట్టి బొమ్మలే చూశారు. మొదటిది మందు ఎక్కించకుండా తీసిన ఎం.ఆర్.ఐ. అది పారే రక్తాన్ని చూపుతుంది. ఉబ్బులో రక్తం మెల్లగా తిరిగేచోట సరిగా కనబడక కొలత తగ్గవచ్చు. రెండవది రక్తంలోకి మందు ఎక్కించి తీసిన సి.టి. (1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మొట్టమొదట మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపినదీ మందు ఎక్కించియే.) పైగా అమ్మకున్న ఉబ్బు గుండ్రంగా లేదు. మొదటివారు అడ్డంగా కొలిచారు, రెండవవారు మెడ నుండి కొన వరకు కొలిచారు. ఆయన రెండింటినీ ఒకే దిక్కున కొలిచారు: 4.8, 5.2. బొమ్మలోని ఒక్కొక్క పొరే అర మిల్లీమీటరు ఉంటుంది గనుక, ఆ తేడాను పెరుగుదల అనలేమన్నారు.

మెదడు ముందు భాగపు నాళాల మీద 7 మిల్లీమీటర్లలోపు ఉబ్బులు అయిదేండ్లలో పగలడం బహు అరుదని 2003లో అచ్చయిన ఒక అంతర్జాతీయ పరిశీలన చెప్పిందట. అయినా చిన్నవీ పగిలిన సందర్భాలున్నాయి గనుక కనిపెట్టి ఉండాలన్నారు. బి.పి. మాత్ర మానకూడదు, చుట్ట మానాలి. ఈ రెండవదే అమ్మకు ఆపరేషనుకన్నా కష్టమైంది.

2024లో అదేచోట, అదే విధంగా తీయించాము. 5.1 వచ్చింది. నేను సంబరపడబోతే డాక్టరుగారు నవ్వి, "తగ్గిందని కాదు సుమా!" అన్నారు.