మారు వడ్డన

ఆకు పరచి, నీరు చిలికి, మొదటిమారు అన్నము పెట్టునప్పుడు వడ్డించువాని స్వభావము అంతగా బయటపడదు. ఆ వడ్డన ధరకు లోబడినది; పుచ్చుకొన్న టోకెనుకు ప్రతిగా పెట్టక తప్పనిది. సాంబారు ముగిసి, రసమునకు మరికొంత అన్నము కావలెనని తినువాడు తలయెత్తి నలుదిక్కులు చూచు క్షణమొకటి కలదు. ఆ చూపును కనిపెట్టి పిలువకమునుపే వచ్చి నిలుచువాడొకడు. కనిపెట్టియు కనిపెట్టనట్లు ప్రక్క వరుసలోనికి మరలిపోవువాడొకడు. హోటళ్ళ తారతమ్యమంతయు ఆ మారు వడ్డన కడనే తేలునని ఇన్నేండ్ల అనుభవముమీద నాకు తోచినది.

మా తిరుపతిలో ఈ మారు వడ్డనకు తక్కిన ఊళ్ళలో లేని బరువు కలదు. రాత్రియంతయు రైలులో కూర్చుండియే వచ్చి, అలిపిరి మెట్లెక్కి, తలనీలాలిచ్చి, వైకుంఠము క్యూ కాంప్లెక్సులో గంటలకొలది నిరీక్షించి, రెప్పపాటు కాలము స్వామిని దర్శించి, నిద్రించు బిడ్డను భుజమున వేసికొని ఘాటురోడ్డు బస్సు దిగిన గృహస్థు, రైల్వే స్టేషను దాపుననో, గోవిందరాజస్వామి గుడి వీథులలోనో ఒక హోటలు మెట్లెక్కునప్పుడు కేవలము ఆకలిగొన్నవాడు కాడు. అలసినవాడు, ఊరికి క్రొత్తవాడు, పెక్కుమార్లు భాష రానివాడు. అట్టివానికి వాకిటనే "రాండి సామీ, కూసోండి" అను పలుకు వినబడిన యెడల, అన్నము రాకమునుపే సగము అలసట తీరును. ఈ "సామీ" అను పిలుపు మా ఊరి సొత్తు. పూలమ్ము ఆమెయు, ఆటో తోలువాడును, హోటలులో నీళ్ళు పెట్టు కుఱ్ఱవాడును వచ్చిన ప్రతివానిని ఇట్లే పిలుతురు. కొండమీది దేవుని పేరు కొండదిగి వచ్చి, గుండు చేయించుకొన్న రైతునకును, పెద్ద కారులో వచ్చిన వ్యాపారికిని సమానముగా అమరినది. పాతికేండ్లు పనిచేసిన సర్వరు తమిళుని "సాప్పాడా" యనియు, కన్నడిగుని "ఊటవా" యనియు, ఉత్తరాదివానిని "ఖానా" యనియు అడుగుచుండగా వినుట నాకు నేటికిని సంతోషము. ఆ భాషలు అతడు బడిలో నేర్చినవి కావు. ఆకుల నడుమ తిరుగుచు, ఆకలిగొన్నవారి ముఖములు చూచుచు నేర్చినవి.

ఈ మర్యాద తప్పిన దినమును నేను మరువలేదు. చెవులు సరిగా వినబడని మా పెద్దమ్మను దర్శనము చేయించి తీసికొనివచ్చి, ఒక హోటలులో భోజనమునకు కూర్చుండబెట్టితిని. ఆమె పల్లెలో, తన యింట విస్తరి ముందు కూర్చున్న ఎవ్వరిని మజ్జిగ పోయక లేవనిచ్చినది కాదు. అన్నము చివర మరికొంత మజ్జిగ కావలెనని ఆమె చేయి చాచి అడిగెను. "ఒకతూరే అని ఎన్నితూర్లు చెప్పాల?" అని సర్వరు కసరుకొని, గిన్నె చప్పుడగునట్లు బల్లపై పెట్టి వెడలిపోయెను. ఆమెకు మాటలు వినబడలేదు, ముఖము కనబడినది. చాచిన చేతిని వెనుకకు తీసికొని, మిగిలిన అన్నముతోనే ఆకును తనవైపునకు మడిచెను. తృప్తిగా తిన్నవారు ఆకును అట్లు మడుచుట మాలో వాడుక. పెట్టినవాడు మర్యాద తప్పినను తిన్న ఆమె తప్పలేదు. ఆ తరువాత బ్రతికినన్నాళ్ళు ఆమె హోటలు మెట్లెక్కలేదు. ఆనాటి సాంబారు రుచి ఎట్టిదో నాకు జ్ఞాపకము లేదు. ఆ గిన్నె చప్పుడు మాత్రము చెవిలోనే యున్నది.

వడ్డించువాడు మనవాడైన కడబంతిని కూర్చున్నను లోటులేదని మనలో ఒక సామెత కలదు. దీనిని లోకులు పక్షపాతమును ఎత్తిచూపుటకే వాడుదురు. నాకు మాత్రము అందులో తినువాని కోరికయే వినవచ్చును: ముక్కు మొగము తెలియని సర్వరు సయితము ఆ పావుగంటసేపు "మనవాడు" కావలెనని. కాకినాడ సుబ్బయ్యగారి హోటలు పేరు తెలుగునేల నాలుగు చెఱగుల వ్యాపించినదనిన, అచటి వంటకముల సంఖ్య ఎంత కారణమో, కొసరి కొసరి వడ్డించు తీరును అంత కారణము.

హోటలులో అడుగుపెట్టుటయే కొందఱకు దుర్లభమైన కాలమును ఈ సందర్భమున విస్మరింపరాదు. పల్లెల టీ దుకాణములలో ఒక కులమువారికి ఒక గ్లాసు, మఱియొక కులమువారికి వేఱొక గ్లాసు నుంచిన రెండు గ్లాసుల పద్ధతి మన జిల్లాలకు తెలియనిది కాదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణములో దుకాణములను, భోజనశాలలను, హోటళ్ళను పేరుపెట్టి చెప్పి, కులమతాదుల కారణముగా ఎవ్వరికిని వానిలో ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. 17వ అధికరణము అస్పృశ్యతనే రద్దు చేసినది. 1955లో అందుకు శిక్షలు విధించు చట్టమును వచ్చినది. చట్టము మనుష్యుని బల్లముందు కూర్చుండబెట్టగలిగినది, మొదటి వడ్డన ఇప్పింపగలిగినది. అతని ముందు గ్లాసు పెట్టు చేతిలోని బిగువును సడలించుట మాత్రము పెట్టువాని మనసు చేయవలసిన పని. అది ఇంకను కొన్నిచోట్ల మిగిలియే యున్నది. ధనమునకును ఇట్టి హద్దే కలదు. హోటళ్ళు సేవా రుసుమును తమంత తామే బిల్లులో కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకములు వెలువరింపగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించినది. ఆ తీర్పు నాకు న్యాయముగనే తోచినది. ఆదరమును అంకెగా వ్రాసి వసూలు చేయుట మొదలైన పిదప అది ఆదరముగా నిలువదు.

బిల్లే లేని వడ్డన చూడవలెనన్న కొండ యెక్కవలెను. గుఱ్ఱంకొండ దాపున తరిగొండలో 1730లో పుట్టి, బాల్యముననే వైధవ్యము పొంది, వెలివేతలవంటి కష్టములను ఓర్చి తిరుమల చేరి, 1817లో కన్నుమూయు దాక అచటనే యున్న కవయిత్రి వెంగమాంబ యాత్రికులకు అన్నపానములు సమకూర్చినదని ప్రతీతి. ఏకాంతసేవవేళ ఆమె పేర నేటికిని ముత్యాలహారతి జరుగుచున్నది. 1985 ఏప్రిలు 6న అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావు దినమునకు రెండువేలమందితో ఆరంభించిన నిత్యాన్నదానము నేడు ఆమె పేరనే వెలసిన భవనములో, ఒక్కసారి నాలుగు వేలమంది కూర్చుండదగిన నాలుగు శాలలలో సాగుచున్నది. అచట వడ్డించువారిలో పెక్కుమంది 2000లో మొదలైన శ్రీవారి సేవకు ఏ ఊరినుండియో వచ్చిన వారు. ఇంటివద్ద ఒకడు రైతు, ఒకతె ఉపాధ్యాయిని, మఱియొకడు బ్యాంకు ఉద్యోగి. బకెట్టు చేతపట్టిన తరువాత అందఱును ఒకటే.

నేనును కొన్ని దినములు ఆ బకెట్టు పట్టితిని. మొదటి బంతికి నా కంఠములో ఉన్నంత మార్దవము నా జీవితములో మఱెన్నడును లేదేమో. రెండవ బంతికి నడుము పట్టుకొనెను. నాలుగవ బంతిలో ఒక వృద్ధుడు మూడవమారు రసము అడుగగా, "పోసినాను గదయ్యా!" అను మాట నా నోటినుండి వెలువడెను. ఆయన ఏమియు అనక తలవంచుకొనెను. మా పెద్దమ్మ ఆకు మడిచిన చేయి ఆ క్షణమున నా కండ్లయెదుట నిలిచినది. వెంటనే పోయి ఆయన ఆకులో రసము పోసితిని. కాని ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాకు సాయంకాలము విశ్రాంతి కలదు, వారము తిరుగకమున్నే ఇల్లు కలదు. తెల్లవాఱుజామున ఇడ్లీ వేళకు లేచి, రాత్రి చివరి దోసె దిగువఱకు నిలువుకాళ్ళపై తిరిగి, హోటలు మేడమీద చాప పరచుకొని నాలుగు గంటలు నిద్రించి, మరల లేచువానికి ఇది ఏండ్ల తరబడి సాగునది. మా పెద్దమ్మ విషయమున నేను కోపగించుకొన్న ఆ సర్వరు ఆ దినమున ఎన్ని గంటలకు లేచెనో, ఎవ్వరి చేత ఏమి మాట పడెనో, తానేమైన తినెనో లేదో అడుగవలెనని నాకు అంతవఱకు తోచనే లేదు.

చిత్తూరు బస్టాండు సమీపమున ఒక చిన్న మెస్సు కలదు. ఆరు బల్లలు, సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, పప్పు, చారు. అచట వడ్డించువాడు అఱువది దాటినవాడు. నడకలో తొందరలేదు, ఎవ్వరి ఆకును ఖాళీగా ఉండనీయడు. నేను పోయినప్పుడెల్ల పప్పు గరిటతో వచ్చి, "సాలు అనొద్దు సామీ, ఎండనపడి వచ్చినారు" అని మరల వేయును. ఈయనకు ఇంత ఓరిమి ఎచటినుండి వచ్చెనని పలుమార్లు అనుకొంటిని. ఒకనాడు బస్సు తప్పిపోయి మూడు గంటలవేళ అచట చేరితిని. జనము వెడలిపోయినారు. ఆ పెద్దాయన మూలబల్లవద్ద తన ఆకు ముందు కూర్చుండి యున్నాడు. గల్లాపెట్టె ముందు కూర్చుండు యజమానురాలు లేచి వచ్చి, వేడి సంగటిముద్ద ఆకులో పెట్టి, నడుమ గుంట చేసి నేయి పోసెను. కొంతసేపటికి మరల సగము ముద్దతో వచ్చెను. ఆయన ఆకుమీద చేయి అడ్డుపెట్టెను.

"ఇంగొంచెం ఏస్తా మామా, పొద్దున్నించి నిలబడే ఉండావు" అని ఆమె అట్లే నిలుచుండెను.

ఆయన మెల్లగా చేయి తీసెను.