ఎక్కుట, ఎక్కించుట

మా గరిడేపల్లిలో మంచనిన మాఘమున వరిచేలపైఁ గ్రమ్ము పొగమంచే. ఈ యూరి పిల్ల, మా చెల్లెలి కూఁతురు, మంచుకొండలెక్కుట నేర్పు శిక్షకురాలగుదునని పట్టుపట్టినది. భువనగిరి కొండరాళ్లపై నేర్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు నెక్కునాఁటికి 14 ఏండ్లైన నిండలేదు గదా యని దాని వాదము.

ఎక్కుట వేఱు, ఎక్కించుట వేఱు. 1954లో వెలసిన డార్జిలింగు పర్వతారోహణ సంస్థలో మొదట ప్రారంభశిక్షణ, పిదప ఉన్నతశిక్షణ; ఒక్కొక్కటఁ బ్రథమశ్రేణి వచ్చినఁగాని పైదానికిఁ బోవీలులేదు. ఆ మీఁదటిదే బోధనాశిక్షణ. అచ్చట అభ్యర్థియే పాఠము చెప్పి పరీక్షింపఁబడవలెను. తాను ముడి వేసినఁ జాలదు, వెఱచువానిచే వేయింపవలెను.

"కాలు జారినచో?" అని మా చెల్లెలు కంటఁదడి పెట్టినది. పిల్ల బదులాడక, బావిమోకు తెచ్చి తల్లిచేతికిచ్చి ముడి నేర్పసాగినది. మూఁడుమాఱులు విడిపోయినది. "మఱల వేయుమమ్మా" యనెనే గాని విసుగుకొనలేదు. నాలవమాఱు బిగిసినది. దరఖాస్తును మేమే పూరించితిమి.