వేట పోలికను తిప్పి రాసిన సానెట్

సానెట్ అంటే పద్నాలుగు పాదాల కవిత. అందులో ప్రేమే ఉంటుందనుకునేవాళ్లు క్లాడ్ మెకే రాసిన ‘ఇఫ్ వుయ్ మస్ట్ డై’ చదవండి. 1919లో అమెరికాలో తెల్లవాళ్ల గుంపులు నల్లవాళ్ల మీద దాడులు చేసినప్పుడు, రైల్లో వెయిటర్‌గా పనిచేస్తున్న మెకే రాశాడిది.

దొడ్లో పెట్టిన పందుల్లా చావొద్దంటూ మొదలుపెడతాడు. చుట్టూ మొరిగే ఆకలి కుక్కలు. మధ్యలో రాక్షసులొస్తారు, తెరిచిన సమాధి వస్తుంది. ఇన్ని పోలికలు కలిసినా కవిత చెదరదు, వేట పోలిక చివరిదాకా నడుస్తుంది కాబట్టి. ముగింపుకొచ్చేసరికి చావబోయేవాళ్లు మనుషులుగా నిలబడతారు, దాడి చేసేవాళ్లే పిరికి మందగా మిగులుతారు.

మనల్నీ జంతువులతో పోల్చి నవ్వేవాళ్లున్నారు. కవితలో నల్లవాళ్లన్న మాటే లేదు. అందుకే మా హాస్టల్లో చదివినప్పుడు మా గురించే అనిపించింది.