నాటింగుహిల్లు వీధియుత్సవము

ఆగస్టు నెల కడపటి సోమవారమున లండనులోని నాటింగుహిల్లు కార్నివాలు చూడబోయితిని. మన రథోత్సవముల సమ్మర్ద మెఱిగినదానను గదా యని నా ధైర్యము. లాడ్‌బ్రోక్ గ్రోవు వీధి మొగముననే యది కరగిపోయెను. లారీలపై నుండు వాద్యముల మ్రోతకు గుండె యదరజొచ్చెను. రంగురంగుల రెక్కలు తగిలించుకొని స్త్రీలు, ముసలివారు సైతము, నడివీధిని నాడుచుండిరి. మొదట నాకు రోత తోచిన మాట దాచను.

అంతలో జనప్రవాహమున కోడలి చేయి జాఱిపోయెను. నాకు దుఃఖము పొంగి వచ్చుచుండగా ట్రినిడాడు వృద్ధురా లొకతె నన్ను దన గుమ్మము మెట్లపై గూర్చుండబెట్టి, వేచిన యరటిముక్కలు చేత బెట్టి, “ఇచ్చటనే యుండుమమ్మా, వెదకువారికి గదలనివారే దొరకుదురు” అనెను.

సోదరీమణులారా, 1958లో నీ పేటయందే కరీబియను దీవులవారిపై తెల్లజాతి యువకులు దాడులు సలిపిరి. మఱుసటి జనవరిలో, ట్రినిడాడున బుట్టిన క్లాడియా జోన్సు అను పత్రికాసంపాదకురాలు, సెయింట్ పాంక్రాసు పురమందిరమున, నాలుగు గోడల నడుమ, తమవారి యుత్సవము జరిపించెను. 1966లో రోన్ లాస్లెట్ అను వేఱొక వనిత యీ పేటలో పండుగ సేయగా, స్టీలుపాన్ వాద్యకాండ్రు వీధిలోనికి నడచిరి. ఆ వాద్యము నూనెపీపాలనుండి పుట్టినది; ట్రినిడాడు పేదల యుపజ్ఞ.

సాయంకాలమునకు గోడలు నన్ను గనుగొనెను. అప్పటికి నా పాదము తాళము వేయుచుండెను. ఆమె నవ్వగా, పాదమును చీరకుచ్చెళ్లలోనికి లాగికొంటిని.